ఎడమకి లాగే ఎర్ర బిళ్ళ

అరకు లోయ,
వైశాఖం.

అప్పకి,

తమ్ముడు రమణ దండాలు పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు ఒంట్లో బాగున్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, కుడి భుజం ఒకటి పట్టేసింది, అంతే. అది ఎందుకు పట్టేసిందో చెబితే నువ్వు నవ్వుతావు, బావ ఇంకా నవ్వుతాడు. అందుకే ఈ ఉత్తరం బావ షెడ్డుకు వెళ్ళాక చదువు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. నువ్వు ఒకసారి కొండెక్కి ఇక్కడికి రావాలి. నా తరఫున ఒకరింటికి వెళ్ళి పిల్లనడగాలి. పిల్లంటే చిన్నపిల్ల కాదు, నా ఈడు మనిషే. మొగుడు పోయాడు. పేరు చిలకమ్మ. మొన్న అరకు బజారుకి పోయి ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే బావ ఎత్తాడు. నేను సగం చెప్పేసరికే, "కొండోలింట్లో పిల్లా? బుర్రుందేట్రా నీకు?" అని నవ్వి పెట్టేశాడు. ఒళ్ళు మండింది. లారీ తలుపు తిన్నగా బిగించడం చేతకాదు గానీ, నవ్వమంటే మాత్రం అందరికంటే ముందుంటాడు.

సరే, మొదటి నుంచీ చెబుతాను. సాలూరులో లారీ బాడీలు కట్టిన చేతులతో నేనిక్కడ ఏం చేస్తున్నానో నీకు సరిగ్గా ఎప్పుడూ రాయలేదు. రాయడానికి సిగ్గేసింది. విశాఖలో మేడలు కట్టించే బాబు ఒకాయన ఇక్కడ రిసార్టు నడుపుతున్నాడు. ఆయన సెలవులకి ఏదో విదేశం పోయి ఒక ఆట చూసొచ్చాడు. డిస్క్ గోల్ఫ్ అట. చెట్ల మధ్య ఇనప స్తంభాలు పాతి, ఒక్కో స్తంభానికి ఒక బుట్ట పెట్టి, పైన గొలుసులు వేలాడదీస్తారు. దూరం నుంచి ప్లాస్టిక్ బిళ్ళ విసిరితే అది గొలుసులకి తగిలి బుట్టలో పడాలి. ఎవడు తక్కువసార్లు విసిరి ముగిస్తే వాడు గెలిచినట్టు. తక్కువ పని చేసినవాడికి చప్పట్లు కొట్టే ఆట, అప్పా. డబ్బున్నవాళ్ళు కనిపెట్టారని వేరే చెప్పాలా?

ఆ బుట్టలు వెల్డింగ్ చెయ్యడానికే నన్ను పిలిపించారు. గొలుసులు మన సాలూరువే, లారీ వెనక తలుపుకి కట్టేవి. బండలూ ఇసకా కాయాల్సిన గొలుసులు ఇప్పుడు గాల్లో ఎగిరే బిళ్ళలని పట్టుకోవడానికి వేలాడుతున్నాయి. వాటిని చూస్తే నాకు జాలేస్తుంది. పని అయ్యాక దిగి వచ్చేద్దామనుకున్నాను. బాబు ఆపాడు. "రమణా, నువ్వే మా కోచ్‌వి," అన్నాడు. పొదపొదకీ పాకి బిళ్ళలు వెతికి తెచ్చేవాణ్ణి, అతిథుల పిల్లలు విసిరితే తల వంచుకునేవాణ్ణి కోచ్ అంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడి వాతావరణానికి నిలకడ లేదు. మీరక్కడ విసనకర్రలు విరగ్గొట్టుకుంటుంటే ఇక్కడ పొద్దున్నే దుప్పటి కావాలి. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రం వడగళ్ళు. కాఫీ తోటలు పూసినప్పుడు వాసన బాగుందని అతిథులు కళ్ళు మూసుకుని పీలుస్తారు. నాకు తుమ్ములొచ్చాయి. రిసార్టు వంట సంగతి అడక్కు. అన్నిట్లో జీడిపప్పు వేస్తారు, ఉప్పు మర్చిపోతారు. చిలకమ్మ ఆ వంటింట్లోనే కూరలు తరుగుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న చోడి అంబలి, బాబు రాగి జావ అనేది, నాకు ఒక గ్లాసు పోస్తుంది. దానివల్లే బతికి ఉన్నాను. సంతరోజు అందరూ వాళ్ళ వాళ్ళతో వాళ్ళ భాషలో నవ్వుకుంటుంటే నేను ఒక్కణ్ణే నిలబడి అల్లం బేరం చేసి కొనకుండా వచ్చేస్తాను. ఎవరితోనన్నా నాలుగు మాటలాడాలని చేసే బేరం అది.

ఇప్పుడు ఈ బిళ్ళల గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది నీకు అర్థం కాదు. చూడ్డానికి అన్నీ అన్నం తినే పళ్ళేల్లాగే ఉంటాయి గానీ ఒక్కోదాని పోకడ ఒక్కో రకం. పసుపుది తేలిక, మెత్తన. గట్టిగా విసిరితే కుడికి ఒరిగిపోతుంది, మళ్ళీ రాదు. మెల్లగా విసిరితేనే మర్యాదగా పోతుంది. దీన్ని బాబు అండర్ స్టేబుల్ అంటాడు. నీలంది చాలా దూరం తిన్నగా పోయి, ఆఖర్లో కాస్త ఎడమకి వాలి దిగుతుంది. బాబుకి అదంటే ముద్దు. ఎర్రది ఓవర్ స్టేబుల్. అంచు మందం, బరువు. నువ్వు ఎటు విసిరినా, ఎంత బతిమాలినా, వేగం తగ్గగానే ఎడమకి గుంజి నేలకేసి కొట్టుకుంటుంది. బావ ఇంట్లో మాట వినడం ఎలాగో దీనికి గాలి మాట వినడం అలాగ. ఎదురుగాలి వస్తే తక్కినవన్నీ కుడికి తిరగబడతాయి, ఎర్రది ఒక్కటే లొంగదు. ఇక తెల్లది ఒకటుంది. నేనొచ్చిన కొత్తలో అదీ ఎర్రదానిలాగే ఎడమకి గుంజేది. కాఫీకి నీడనిచ్చే సిల్వరు చెట్లకి కొట్టుకుని కొట్టుకుని అంచంతా నలిగి, ఇప్పుడు బుద్ధిగా తిన్నగా పోతోంది. ఇదంతా కుడిచేతివాడు విసిరితేనే. ఎడమచేతివాడు విసిరితే మొత్తం తారుమారు.

దీన్నంతటినీ బాబు స్టెబిలిటీ అంటాడు. నిలకడ అట! చేతిలోంచి జారగానే ముళ్ళకంపలో పడే వస్తువుకి నిలకడేమిటి? అతిథులు సాయంత్రం కాఫీ తాగుతూ ఏ బిళ్ళ ఎంత వాలుతుందో గంటలతరబడి మాట్లాడుకుంటారు. వాళ్ళలో ఒకడైనా సొంత స్కూటరుకి గాలి పెట్టుకోగలడా అని నా అనుమానం.

చిలకమ్మ నాన్న పేరు సోమన్న. రిసార్టు వాలు దిగితే వాళ్ళకి కొంచెం కాఫీ తోట, చోళ్ళు పండే పొలం ఉన్నాయి. నేనూ చిలకమ్మా మాట్లాడుకోవడం ఊరికి తెలిశాక ఆయన నన్ను రోడ్డు మీద ఆపి అడిగాడు.

"కిందినుంచొచ్చినోడు పిల్లనడగడు బాబూ. పిల్లెనకాలున్న తోటనడుగుతాడు. సానామందిని సూసినాను."

"నాకు తోటొద్దు మావా," అన్నాను.

"అందరూ అదే అన్నారు," అన్నాడు.

కోపం వచ్చింది గానీ ఏమనను? అలా పెళ్ళి పేరు చెప్పి భూమిలో దిగినవాళ్ళు ఇక్కడ నాకూ కనిపిస్తూనే ఉన్నారు. మన వైపు వాళ్ళే. వాళ్ళని చూస్తే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. నన్నూ ఆ వరసలో నిలబెట్టేసరికి మింగుడు పడలేదు.

చైత్రంలో ఇక్కడ ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోసి ఏడిపిస్తారు. ఇంకో పక్క రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయేవాళ్ళు ఏదో ఒకటి ఇస్తేగానీ కదలనివ్వరు. పండగ ముందు సోమన్న నాతో అన్నాడు: "రేపు మా గుమ్మం కాడికి ఉత్తసేతుల్తో రాకు. ఏదైనా గెల్సుకుని రా. అప్పుడు మాటాడదాం."

పండగ రోజే బాబు అతిథులకి పోటీ పెట్టాడు. నెగ్గినవాడికి మంచి కోడిపుంజు. నన్నూ ఆడమన్నాడు. పుంజుని పట్టుకుని సోమన్న గుమ్మం ముందు నిలబడదామని నేను నిశ్చయించుకున్నాను.

అప్పా, ఇక్కడే నేను లారీ షెడ్డు బుద్ధి చూపించాను. ఆఖరి బుట్ట దగ్గర లోయ లోంచి ఎదురుగాలి కొడుతుంది. దానికి ఆగేది ఎర్రది ఒక్కటే. కానీ అది ఎడమకి లాగుతుంది కదా. మన షెడ్డులో ఎడమకి లాగే లారీ వస్తే ఏం చేస్తాం? ముందు చక్రాలు సరిచేసి తిన్నగా పంపిస్తాం. దీన్నీ అలాగే చేద్దామనుకున్నాను. ఇంత డబ్బు పోసి కొన్న వస్తువు వంకరగా పోతుంటే అది చేసినవాడి తప్పని, ఈ చదువుకున్నవాళ్ళకి ఆ మాత్రం తట్టలేదని నవ్వుకున్నాను. వంటింటి నిప్పుల మీద అంచు వెచ్చబెట్టి, మెత్తబడ్డాక బండ మీద పెట్టి స్పానరుతో కిందికి ఒత్తాను. పెరట్లో మెల్లగా విసిరి చూస్తే గీత గీసినట్టు పోయింది. చిలకమ్మ చూసి, "బాగున్నదాన్ని ఏల పాడుసేత్తన్నావు?" అంది. నీకేం తెలుసులే అన్నట్టు చూశాను.

పోటీలో ఆఖరి బుట్ట దాకా నేనూ, విశాఖ డాక్టరు ఒకాయనా సమానంగా వచ్చాం. ఆ బుట్ట పనస చెట్టు పక్కనుంచి ఎడమకి తిరిగితే ఉంటుంది. అసలు ఎర్ర బిళ్ళ ఉన్నదే అలాంటి చోట కోసం. ఏమీ చెయ్యకుండా విసిరి ఉంటే తనంతట తనే ఎడమకి వాలి బుట్ట దగ్గర దిగేది. నేనేమో చుట్టూ తిరగడమెందుకు, కొమ్మల సందులోంచి తిన్నగా కొడదామని భుజం ఊడిపోయేలా విసిరాను. ఎదురుగాలి తగిలింది. బిళ్ళ కుడికి ఒరిగింది, ఇంకా ఒరిగింది, బోర్లా పడబోయి అంచు మీద నిలబడి వాలు మీంచి దొర్లుకుంటూ కింద రోడ్డు మీదికి పోయింది. డాక్టరు గెలిచాడు. పుంజుని కారులో పెట్టుకోవడానికి అసహ్యం వేసి వంటింట్లో ఇచ్చి కూర చేయించుకున్నాడు. అందులో కూడా జీడిపప్పు వేశారు.

బిళ్ళ కోసం దిగితే రోడ్డు మీద దుంగ, దుంగ దగ్గర ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య చిలకమ్మ చేతిలో ఎర్ర బిళ్ళ.

"ఏటి తెచ్చినావు?" అంది ఒకావిడ.

"ఏమీ లేదు," అన్నాను.

ఇంకేముంది, తల మీంచి కాళ్ళ దాకా పేడనీళ్ళు. రిసార్టు వాళ్ళిచ్చిన కోచ్ చొక్కా, అప్పా, తెల్లది. తుడుచుకుంటుంటే వేటకి పోయినవాళ్ళు దిగొచ్చారు. వాళ్ళకీ ఏమీ దొరకలేదు. సోమన్నతో సహా అందర్నీ తడిపేశారు. ఆయన వచ్చి దుంగ మీద నా పక్కనే కూర్చున్నాడు. ముక్కు మీంచి కారుతోంది.

"నీకూ దొరకనేదా?" అన్నాడు.

"లేదు మావా."

"నీకెవులున్నారు కింద?"

"మా అప్ప ఉంది. అమ్మ పోయాక తనే పెంచింది."

"ఆవిడొచ్చి అడిగితే సూద్దాం. నలుగురి ముందు సెప్పాలి, తోట మా గుంట సిలకమ్మదని, మీకక్కర్లేదని. నీ మాట నాకొద్దు. నీది పెద్ద నోరు."

పెద్ద నోరట! పేడ కారుతున్న మనిషి నన్ను పట్టుకుని అన్నాడు. అయినా ఆయన మీద నాకు కోపం రాలేదు.

బిళ్ళ ఇమ్మని చిలకమ్మని అడిగితే దుంగ దాటినందుకు అది తమ వాటా అంది. ఇప్పుడు దాన్ని అంబలి కుండకి మూత పెట్టింది. నేను వంచిన చోట మూత కూర్చోదు, ఆవిరంతా పోతుంది. "ఒంచినోడివి నువ్వే. లోపలికొచ్చి సరిసెయ్యి," అంటుంది. లోపలికి పోవాలంటే ఇక్కడ ఒక పద్ధతి ఉంది. అబ్బాయి తరఫువాళ్ళు కల్లుకుండ పట్టుకెళ్ళి గుమ్మం బయట కూర్చుని అడగాలి. వాళ్ళు సరేనంటేనే గడప దాటాలి.

బావ వద్దంటాడు. కొండవాళ్ళని చూసి నవ్వుతాడు. నేనూ వచ్చిన కొత్తలో అలాగే నవ్వాను, నీకు తెలుసు. ఈ ఉత్తరంలో కూడా ఆటని తిట్టాను, బాబుని తిట్టాను, జీడిపప్పుని కూడా వదల్లేదు. ఒకసారి వెనక్కి తిప్పి చూడు, చిలకమ్మని ఒక్క మాటన్నా అన్నానేమో. నాకు ఆవిడంటే ఇష్టం అప్పా. ఇంకెలా రాయాలో తెలియదు.

సాలూరు నుంచి విజయనగరం బస్సెక్కి, అక్కడి నుంచి ఎస్.కోట మీదుగా అరకు బస్సెక్కు. ఘాట్‌లో కడుపులో తిప్పుతుంది, నిమ్మకాయ దగ్గర పెట్టుకో. నా వెల్డింగు కళ్ళద్దాలు అటక మీద ఉన్నాయి, తీసుకురా. కాస్త ఎండుచేప కూడా. పిల్లలకి నా ముద్దులు చెప్పు. వీధి చివరి పెద్దమ్మకి దండాలు చెప్పి, నా పేరు మీద నాలుగు అక్షింతలు వేయించుకుని కొంగున కట్టుకుని రా. బావకి కూడా దండాలు, నవ్వడం అయ్యాక చెప్పు.

వచ్చే సంతరోజు బస్సు దిగేచోట నుంచుంటాను. నువ్వు రాకపోతే నేనే కల్లుకుండ పట్టుకుని వెళ్ళి ఆ గుమ్మం బయట కూర్చుంటాను. అడగడానికి నా వాళ్ళెవరూ లేరు కాబట్టి లోపలికి పిలవరు. ఆ సంగతి తెలుసు. అయినా కూర్చునే ఉంటాను.

నీ కాళ్ళకి దండం పెట్టి,
తమ్ముడు
రమణ