చిన్నమ్మ తెచ్చిన ట్యూబు

సుశీలా, నువ్వు పోయి నేటికి ఏడాది. నీ చెల్లెలితో వేగలేకపోతున్నాను. మన బిడ్డ బుగ్గల మీది మంగు మచ్చలకు, డాక్టరును అడక్కుండానే తాండూరు మందుల దుకాణంలో ఏదో ట్యూబు కొనిచ్చింది. నెల రాసేసరికి ముఖమంతా ఎర్రబడి మండింది. వికారాబాద్ డాక్టరమ్మ అందులో స్టెరాయిడ్ ఉందని మాన్పించి, ఎండ తగలకుండా వేరే క్రీమిచ్చి, నెలలు ఓపిక పట్టమంది. మంట తగ్గింది, మచ్చలు ఇంకా ఉన్నాయి.

ఇవాళ నీ చెల్లెలు మళ్లీ అదే ట్యూబుతో వచ్చింది!

"వారంల తెల్లగైతవ్ బిడ్డా."

నేను అరిచేలోపే బిడ్డ అంది: "మచ్చలుంటే ఉండనీ చిన్నమ్మా, తోలు మల్ల ఖరాబ్ చేస్కోను. గిది నువ్వే పూస్కో!"

ఎంత సంతోషమైందో! పగలబడి నవ్వాను. నీ చెల్లెలు అలిగి, చాయ్ తాగకుండానే పోయింది. ఆమెను బుజ్జగించే పని ఎప్పుడూ నీదే. ఇప్పుడు నువ్వు లేవుగా, రేపు నేనే వాళ్లింటికి పోవాలి.