ఎర్ర చుక్క శాంపిల్స్

జూన్ 2, సాయంత్రం
అక్క కుడిచెయ్యి కాలింది. కాల్చినవాడు సరుకు నాణ్యత పరీక్షించే ప్రమాణాల ఆఫీసు ఇన్‌స్పెక్టరు. ఫోన్ ఛార్జర్ పేలిందని అంటోంది అమ్మ. ఛార్జర్‌కేం తెలుసు? దానిమీద ప్రభుత్వ ముద్ర పడనిచ్చినవాడికి తెలియాలి.
బొటనవేలు, చూపుడువేలు. బట్టలు కుట్టి బతికే మనిషికి మిగతా మూడూ ఎందుకు? రెండు నెలలు సూది ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. తర్వాతైనా వేళ్ళు వంగుతాయా అంటే, చూద్దాం అన్నాడు.

జూన్ 3
ఛార్జర్ విప్పాను. ఫ్యూజ్ లేదు. కరెంటు వచ్చే వైపుకీ ఫోన్‌కి పోయే వైపుకీ మధ్య ఉండాల్సిన పసుపు టేపు లేదు. వినియోగదారుల హక్కుల పుస్తకం పదకొండో పేజీలో బొమ్మేసి మరీ చెప్పారు, ఉండి తీరాలని.
నేను పనిచేసే షాపు సరుకే. నేనే తెచ్చిచ్చాను.
ఓనర్ని అడిగాను. ఇన్‌స్పెక్టర్ గారు పాస్ చేసిన సరుకేరా బాబూ, మీ అక్క తడిచేత్తో ముట్టుకునుంటుంది అన్నాడు. ఒళ్ళు మండింది. పుస్తకం బల్లమీద కొట్టి చూపించాను. ఇవి చదివేవాడికి పిల్లనెవడిస్తాడురా అని నవ్వాడు.

జూన్ 7
ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.
ఇన్‌స్పెక్టరు తన చేత్తో, స్టాకు పెట్టెల్లోంచి, ఏవో మూడు తీసి పరీక్షించాలి. రూలు అది. మా షాపులో ఆయన కూర్చుంటాడు, టీ వస్తుంది, శాంపిల్స్ తేరా అంటాడు ఓనరు. కౌంటరు కింద డ్రాయర్లో మూడు ఛార్జర్లుంటాయి. మంచి కంపెనీవి, పైన మా లేబుల్. గుర్తుకి అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. రెండేళ్ళుగా అవే మూడు.
తాళం నా దగ్గరే. గుడ్డతో తుడిచి, ట్రేలో పెట్టి తెచ్చేది నేనే. శాంపిల్ అంటే చెకింగ్ కోసం దాచే వస్తువనే అనుకున్నాను. అవినీతి మీద వీధంతా వినపడేలా అరిచేవాణ్ణి!
అక్కకి చెప్పాను. ఆ మూడింట్లో ఒకటి నాకు తేకపోయావురా అంది. అవి చెకింగ్‌వి కదా అన్నాను.
 

జూన్ 12
అక్క నెయిల్ పాలిష్ సీసా అడిగాను. ఇచ్చింది. మూత మాత్రం తీయలేకపోయింది.

జూన్ 19
ఇన్‌స్పెక్టరు వచ్చాడు. శాంపిల్స్ తేరా అన్నాడు ఓనరు. తెచ్చాను. స్టాకు పెట్టెలోంచి తీసిన మూడు, అడుగున నేను పెట్టిన ఎర్ర చుక్కలతో.
మొదటిదానికి ఆయన మీటరు తగలగానే కీచుమంది. ఎర్ర లైటు. రెండోదీ అంతే. మూడోది పొగ కక్కింది. ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్‌స్పెక్టరు మీటరుని రెండు చరిచి, ఎండకి పాడైనట్టుందయ్యా అన్నాడు. కిందటిసారి అంకెలే కాగితం మీదికి దింపాడు. పాస్. సంతకం.
మీటరు బానే ఉంది సార్, ఛార్జర్లే బాలేవు అని అరిచాను. మార్చింది నేనేనని కూడా చెప్పాను. అయితే ప్రభుత్వ పరీక్షలో మోసం చేసింది నువ్వన్నమాట, కేసు పెడతానన్నాడు. నా మీద!
ఓనరు తాళం లాక్కుని బయటికి గెంటాడు. అసలు మూడూ నా సంచిలోనే ఉన్నాయి. ట్రే కూడా నేను వదల్లేదు.

జూన్ 21
మా షాపు ఛార్జర్లు కొన్న పదిహేడిళ్ళు తిరిగాను. తొమ్మిదిళ్ళలో కాలినవి, కరిగినవి. మా వీధి ఇస్త్రీ బాబాయి తనది గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. తన తప్పే అనుకున్నాడట. చెబితే నవ్వుతారని ఊరుకున్నాడట.

జూన్ 22
కింది నాలుగు ముక్కలూ వీధిలో కట్టే అట్టల మీద అక్కే రాసింది, ఎడమచేత్తో. అక్షరాలు తూలుతున్నాయి. నేను దిద్దలేదు.
రేపు పొద్దున పదిన్నరకి. ప్రమాణాల ఆఫీసు మెట్ల దగ్గర. కాలిన ఛార్జర్లు తీసుకుని అందరూ రండి. అవి పెట్టడానికి ట్రే మా తమ్ముడు తెస్తాడు.