మంచులోంచి తీసిన అన్నయ్య

అమ్మా, అమాలే,

అన్నయ్యా నేనూ క్షేమం. మంచు విరిగిపడిందని రేడియోలో విని హడలిపోయి ఉంటావని ముందు ఈ మాట రాస్తున్నాను.

మొన్న కొత్త మంచు మీద గాలి బాగా కొట్టింది. వాలు దాటుతుంటే పైనుంచి మంచు పెళ్లలా విరిగి జిగ్మెత్ అన్నయ్యను కప్పేసింది. ఒకరు దాటాకే ఇంకొకరు రావాలని నన్ను బండ దగ్గరే ఆపాడు కాబట్టి నేను మిగిలాను. తన చేతితొడుగు ఒకటి పైకి కనిపిస్తే అక్కడే పారతో తవ్వాను. ముఖం బయటపడగానే దగ్గి, "ఇంత నెమ్మదిగానా తవ్వేది కుంజెస్? పేడ ఎత్తడానికి కూడా పనికిరావే నువ్వు!" అన్నాడు. నేను ఏడ్చేశాను. తనూ ఏడ్చాడు.

మెడ పట్టేసింది, అంతే. ఎవరైనా మా శిబిరానికి వస్తుంటే ఆప్రికాట్ నూనె పంపు. ఆవు ఈనిందా? అబాలే మోకాలి నొప్పి తగ్గిందా?

మంచు గట్టిపడేదాకా ఆ వాలు జోలికి పోము. శిఖరం ఎక్కే రోజు మాత్రం ఒకే తాడు కట్టుకున్న వాళ్లందరికీ ముందు నడిచేది నేనేనట. నిన్న జట్టు అందరి ముందూ అన్నయ్యే చెప్పాడు. వద్దనకుండా అమ్మా నాన్నా ఇద్దరూ దీవించండి.

మీ కుంజెస్