కాఫీ పొయ్యి మీద పెట్టు బావా

కాల్వర్ క్రీక్,
మార్చి 12, 2000.

చెల్లి ఐలాకు, అన్నయ్య రీనో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ వదినా, నా మోకాలి సంగతి పక్కన పెడితే, కులాసా. డులూత్‌లో నువ్వూ, అమ్మాయి కారినూ, దాని పిల్లలూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. మీ ఆవిరి స్నానాల సౌనా గది కప్పు మీద మంచు తోసేశాను, పొగగొట్టం బాగానే ఉంది. పిల్లి మా ఇంట్లోనే ఉంది. మీ వదిన సైమా దానికి నాకన్నా మంచి చేప పెడుతోంది. చర్చిలో ఏలకుల రొట్టె నీలా ఎవరికీ కుదరడం లేదు. పోయిన ఆదివారం నీమీ గారి భార్య చేసింది తిని పాస్టరు గారు రెండుసార్లు నీళ్ళడిగారు.

"నీ రేడియో పిచ్చి తగ్గిందా అన్నయ్యా?" అని కూడా రాశావు. తగ్గింది. ఎలా తగ్గిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన అక్టోబరులో కౌంటీ వాళ్ళు కొత్త రేడియో పద్ధతి పెట్టారు కదా. అంబులెన్సు, పోలీసులు, మంచు తోసే బళ్ళు అందరూ అవే నాలుగైదు చానళ్ళు వంతులవారీగా వాడుకోవాలి. ఎవరు ఏ చానల్లోకి వెళ్ళాలో ఒక కంప్యూటరు క్షణం ఆగకుండా చెబుతూ ఉంటుంది. మన చెవికి అది రేకు గీకినట్టు వినిపిస్తుందంతే. నలభై ఏళ్ళు టీవీలు బాగుచేసిన చేతులు ఊరుకుంటాయా? గాలిలో రేడియో మాటలు పట్టి వినిపించే నా పాత స్కానరు మూత విప్పి, లోపలి చిప్పు కాలికి వెంట్రుకంత తీగ టంకం వేసి బయటికి లాగి, చిన్న పెట్టె గుండా కంప్యూటరుకు కలిపాను. ఆ గీకుడంతా తెర మీద వరసలు వరసలుగా వచ్చింది. ఎన్ని గంటలకు, ఏ బృందంలో, ఏ నంబరు రేడియో నొక్కారో అన్నీ కనిపించేవి. మాటలు వినడానికి పక్కన రెండో స్కానరు.

మీ ఆయన ఆర్నీ చూడ్డానికి వచ్చి ఎంత నవ్వాడో.

"ఊళ్ళో వాళ్ళ మాటలు వినడం చాల్లేదా బావా? ఇప్పుడు నంబర్లు కూడా చూస్తావా? సరే, నాదెంత?"

"4318."

"చచ్చాం. ఇక పని ఎగ్గొట్టి చేపలకు పోయే దారి లేదు."

ఆ మర్నాటి నుంచీ మంచు తోసే బండిలోంచి రేడియో నొక్కి, "బావా, వింటున్నావని తెలుసు. కాఫీ పొయ్యి మీద పెట్టు, పది నిమిషాల్లో మీ వీధిలో ఉంటా" అనేవాడు. మంచుబళ్ళ షెడ్డు వాళ్ళు తిట్టినా మానలేదు. నా దగ్గరున్నది వినడానికే గాని మాట్లాడడానికి పనికిరాదు కదా. అందుకని వరండా దీపం వేసేవాణ్ణి. అదే నా జవాబు.

ఇక నీ అసలు ప్రశ్న. ఆర్నీ ఒక్కసారి కూడా సాయం కోసం పిలవలేదనీ, స్టీరింగు మీదే నిద్రపోయి వాగులో పడి అక్కడికక్కడే పోయాడనీ షెడ్డు వాళ్ళు నీకు చెప్పారు. "డులూత్ వెళ్ళిపోదామని ముందురోజు నేను గొడవ పెట్టుకోకపోతే కంటినిండా నిద్రపోయేవాడు. నా వల్లే పోయాడు కదా అన్నయ్యా" అని రాశావు. ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

ఖననం రోజు నువ్వు "ఏమైనా విన్నావా" అని అడిగితే, స్కానరు విప్పి బల్ల మీద ఉంది, వినలేదన్నాను. అబద్ధం చెప్పాను తల్లీ. స్కానర్లు రెండూ పనిచేస్తూనే ఉన్నాయి.

ఆర్నీ పోయిన రోజు పొద్దుట్నుంచీ మంచు. బళ్ళవాళ్ళు ఉప్పు గురించీ, మాంసం కూరి కాల్చే పేస్టీలో టర్నిప్ ముక్కలు వెయ్యాలా వద్దా అనీ ఒకటే వాగుడు. నాకేమో కొత్తగా కనిపించిన ఒక బృందం ఎవరిదో కనిపెట్టాలని యావ. విసుగొచ్చి మంచుబళ్ళ బృందాన్ని "వద్దు" పట్టీలో పడేశాను. అంటే వాళ్ళ మాట వినబడదు, నంబరు మాత్రం తెరమీద పడుతుంది.

పన్నెండూ పదికి 4318 పడింది. చూశాను. చూసి నవ్వాను ఐలా. "మీ తమ్ముడు ఆర్నీ కాఫీ అడుగుతున్నాడోయ్" అని సైమాను కేకేశాను. లేచి దీపం వేశాను. పన్నెండున్నరకు మళ్ళీ పడింది. "ఇవాళ తొందరగా ఉన్నట్టున్నాడు" అంది మీ వదిన. పన్నెండూ యాభైకి మూడోసారి. ఆ తర్వాత పడలేదు. ఒక్క మీట నొక్కితే అతని గొంతు వినేవాణ్ణి. అతను పడిన వాగు వంతెన మా ఇంటికి ఆరు నిమిషాల దూరం.

షెడ్డులో మనిషి బయట ఉప్పు ఎత్తిస్తున్నాడట, మిగతా డ్రైవర్లు బళ్ళు దిగి భోజనాలకు కూర్చున్నారట. కాబట్టి ఆ పిలుపులు ఎవరూ వినలేదు. కంప్యూటరు మాత్రం రాసుకుంది. ఆ సాయంత్రమే కాగితం మీద అచ్చు తీసి, రెండు నెలలు పనిముట్ల పెట్టెలో దాచాను. నలభై నిమిషాలు బతికే ఉన్నాడని తెలిస్తే నువ్వు తట్టుకోలేవని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నీ ముఖం చూడలేక దాచాను. మీ వదిన ఆ కాఫీ తొట్టిలో పారబోసింది.

బండి ఎందుకు జారిందో నాకు తెలియదు. అక్కడికక్కడే పోలేదని మాత్రం తెలుసు. మెలకువగా ఉన్నాడు, పిలిచాడు. నీ గొడవ వల్ల పోలేదమ్మా. నేను వినకపోవడం వల్ల పోయాడు. ఆ బరువు నువ్వు దించెయ్యి, అది నాది.

ఆ కాగితం ఇందులో పెట్టాను. దాని నకలు సోమవారం కౌంటీ సభలో అందరి ముందూ ఇస్తాను. స్కానరు నుంచి లాగిన ఆ తీగ కత్తిరించేశాను. నువ్వు జవాబు రాయకపోయినా నేను తప్పు పట్టను.

ఒక్క మాట నన్ను వదలడం లేదు. షెడ్డు పలకలేదని మొదటిసారికే అతనికి తెలిసి ఉంటుంది. మిగతా రెండుసార్లూ ఎవరిని పిలిచాడో నాకు తెలుసు.

ఇట్లు,
వింటున్నాడని మీ ఆయన నమ్మిన
నీ అన్నయ్య,
రీనో.