గడప తొక్కినవాడికే ఓటు

శుక్రవారం రాత్రి, మలాజ్, గల్ఫ్

అమెరికా ఎన్నికల మీద రూమ్మేట్ ఖాదర్‌తో మళ్లీ గొడవ. అక్కడ ఒకాయన పెద్ద పెద్ద సభలతో హోరెత్తిస్తుంటే, ప్రత్యర్థి మనుషులు ఇంటింటికీ వెళ్లి తలుపు తడుతున్నారు. సభలదే గెలుపంటాడు ఖాదర్. గడప తొక్కినవాళ్లదే అన్నాను.

"నీకు ఆడ ఓటు లేదు, ఈడా లేదు. ఎందుకన్నా గొంతు చించుకుంటావ్?"

ఓటు లేకపోతే నోరు కూడా ఉండకూడదా?

అంతలో మా ఊరి సర్పంచ్ అభ్యర్థి ఫోన్. గల్ఫ్‌లో ఉన్న మొగుళ్లకు చెబితే ఇంట్లో ఓట్లన్నీ తనకే పడతాయని వాడి ఎత్తు. "వదినకు ఒక మాట చెప్పన్నా," అన్నాడు.

"ఓటు మీ వదినది. పోయి ఆమెనే అడుక్కో," అని ఫోన్ పెట్టేశాను.

గెలిస్తే మా వీధికి నీళ్లు ఆపుతాడేమో... ఆపనీ. మా ఆవిడే బిందె పట్టుకుని వాడి గడప తొక్కుతుంది.