పొగగొట్టం ఎత్తు

ప్రియమైన బావగారికి,

మా బేకరీ బట్టీని చక్రాలెక్కించాను. కొండల అవతల పట్నంలో కొత్త కొట్టు కుదిరింది. జీపు వెనక ఈ ట్రైలర్ తగిలించుకుని ఏ కనుమ మీదుగా దాటమంటారు? సగం జీవితం లారీలోనే గడిపిన మీరుండగా ఇంకొకర్ని అడగడమెందుకు. దారిలో మీ ఇంటి దగ్గర ఆగుతాను. నన్ను ఎత్తుకు పెంచిన అక్క ఏడాదిగా ఒక్క ముక్క రాయలేదు. ఎందుకీ అలక అని ఎదురుగా కూర్చుని అడగాలి.

మీ బామ్మర్ది


ప్రియమైన బామ్మర్దికి,

చిన్న కనుమే ఎక్కు. పెద్ద కనుమలో సొరంగం ఉంది, నీ పొగగొట్టం దాని కప్పుకు తగిలి ఊడుతుంది. దిగేటప్పుడు రెండో గేరు వదలకు. ఇంటికి మాత్రం రాకు. మా సందులో ట్రైలర్ తిరగదు, ఇరుక్కుంటే వీధంతా తిట్టేది నన్నే. అక్కకి చేతినొప్పి, కలం పట్టలేదు. తిని పడుకుంటోంది, దిగులేం లేదు.

నీ మేలు కోరే బావ


ప్రియమైన బావగారికి,

ట్రైలర్ బ్రేకులు చూసి మెకానిక్, "చిన్న కనుమలో నువ్వు ముందు దిగుతావో, బట్టీ ముందు దిగుతుందో పందెం కాయాలి" అన్నాడు. పెద్ద కనుమే వాలు తక్కువట. సొరంగం సంగతి ముందే చెప్పి బతికించారు. గొట్టం వెల్డింగుతో అతికించింది, రెండు రోజులు కూర్చుని హ్యాక్‌సాతో కోసేసి బయల్దేరతాను. అక్కకిష్టమైన మాడు అంచు రొట్టె మీ సందు చివర నిలబడి ఇచ్చి పోతాను.

మీ బామ్మర్ది


బామ్మర్దికి,

గొట్టం కోసినా సరే, పెద్ద కనుమ వద్దు. వాలు చూసి వణికేవాడివి బండెందుకు కట్టావు? అక్క కూడా చిన్న కనుమే అంటోంది. రొట్టె అక్కర్లేదు, తనకి పళ్లు బాలేవు.

బావ


బావా,

నీ ఉత్తరం అందేసరికి గొట్టం కోయడం అయిపోయింది. పెద్ద కనుమే ఎక్కాను. ప్రతి మలుపులోనూ సొరంగం కోసం చూశాను. లేదు.

పైన జీపు ఇంజను పొగలు కక్కితే ఒక గేటు ముందు ఆపి నీళ్లడిగాను. మంచాన పడ్డవాళ్లని ఉంచే ఆసుపత్రి. వెనకున్న బట్టీ చూసి నర్సు, "రొట్టెల తమ్ముడివి నువ్వేనా?" అంది.

కాళ్లు పడిపోయిన అక్కని ఏడాది కిందట అక్కడ దింపి వెళ్లావట. "నీ తమ్ముడికి నిన్ను చూసే తీరిక లేదట" అని అక్కతో చెప్పావట. అయినా కొండెక్కే బండి చప్పుడైతే చాలు, కిటికీలోంచి చూడ్డానికి తల కింద దిండు ఎత్తు పెట్టమనేదట. నిన్న పొద్దున పోయింది. అప్పుడు నేను నీ సొరంగం కోసం గొట్టం కోస్తున్నాను. నీకు కబురు పంపితే నువ్వు రాలేదట.

బట్టీ పక్కన చోటు చేసి అక్కని ఎక్కించుకున్నాను. ఈ ఉత్తరం కిందికెళ్లే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, నాకన్నా ముందే అందుతుంది. నువ్వు చెప్పినట్టే రెండో గేరులో దిగుతున్నాను.

మీ సందులో ట్రైలర్ తిరగదన్నావు. తిప్పను. నీ గుమ్మానికి అడ్డంగా ఆపుతాను.

అక్క తమ్ముడు