అత్త గొంతులో తడి

జూన్ 19, 1997

స్కూలు తెరిచి వారం అయింది. నేను లీవు పొడిగించాను. హెడ్మాస్టరు కాగితం తీసుకుని సంతకం పెట్టేశారు, అదొక్కటే మేలు.

అత్తకి కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, పూర్తయి ఇరవై రోజులు. ముప్ఫై మూడు సార్లు చోడవరం నుంచి విశాఖకి, మళ్ళీ వెనక్కి. నా నడుం ఇంకా బస్సులోనే ఉంది. నలభై ఏళ్ళు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగిన మనిషి. అంగిలి మీద కేన్సర్ పుండు మాడిపోయిందన్నారు. కానీ ఇప్పుడు గుక్కెడు నీళ్ళు తాగితే పొలమారుతోంది.

పొలమారినప్పుడల్లా మా ఆయన వాళ్ళమ్మ నడినెత్తిన తట్టి, సిన్నమ్మి తలుసుకుంటన్నాదే అమ్మా అంటారు. చిన్నమ్మి ఆయన చెల్లెలు, చీడికాడలో ఉంటుంది. ఆ మాటకి అత్త దగ్గుతూనే నవ్వుతుంది. రోజుకి ఇరవై సార్లు తలుచుకోవాలంటే చిన్నమ్మికి ఇంట్లో వేరే పని ఉండకూడదు.

జూన్ 23

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. దగ్గు చూసి భయపడొద్దంది. దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోయినదాన్ని దగ్గే బయటికి తోస్తుందట. కరెంటు వల్ల గొంతుకి స్పర్శ తగ్గిపోయి, దగ్గు రాకుండా లోపలికి దిగిపోతుంటే అప్పుడు ప్రమాదమట.

మరి ఎలా తెలుస్తుంది అన్నాను. రెండు చెంచాలకోసారి మాట్లాడించండి, గొంతు తడిగా, నీళ్ళ లోంచి వచ్చినట్టు ఉంటే ఆపేయండి అంది. వీలైతే టేపు చేసి తీసుకురమ్మంది. దీనికి మెషీన్ లేదా అని అడిగాను. ప్రస్తుతానికి మీ చెవే అంది.

ఆయన ఆ టైములో బస్సు కనుక్కోవడానికి వెళ్ళారు. దారిలో అంతా చెప్పాను. తల ఊపారు. నిద్రలో ఊపారని తర్వాత తెలిసింది.

జూన్ 24

"ఆ" అనమంటే అనదు. నానేటి సిన్నగుంటనా అంది. పోనీ ఏదో ఒకటి మాట్లాడమన్నాను. అయితే తిడతాను అంది. తిట్టమన్నాను.

రెండు చెంచాల గంజి, ఒక తిట్టు. పద్దెనిమిదేళ్ళుగా అడగకుండా పడ్డవి ఇవాళ అడిగి మరీ తిట్టించుకున్నాను.

జూన్ 30

ఆయన పాటల క్యాసెట్టు మీద అత్త తిట్లు రికార్డు చేశాను. ఆయనకి కోపం వచ్చింది. రానీ.

జూలై 9

ఇవాళ ఒక్కసారి కూడా పొలమారలేదు.

జూలై 11

మూడు రోజులైంది. దగ్గు లేదు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆయన పనిచేసే చక్కెర ఫ్యాక్టరీలో ఇప్పుడు చెరకు క్రషింగ్ లేదు కనుక రోజంతా ఇంట్లోనే ఉండి, వచ్చినవాళ్ళందరికీ అమ్మకి తగ్గిపోయిందని చెబుతున్నారు. పక్కింటి అచ్చియ్యమ్మ కొబ్బరికాయ కొట్టమంది.

అత్త ఒక్కతే సంతోషంగా లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమిటని అడిగితే, సిన్నమ్మి నన్ను మరిసిపోనాది అంది. ఏడ్చింది. ఏం చెప్పను, ఆ దగ్గులు కూతురివి కావని చెప్పనా?

నాకు వేరే భయం. తిట్లు అవే, గొంతు అది కాదు. దిక్కుమాలినదానా అంటుంటే చివర్లో ఏదో బుడబుడమంటోంది. ఈ గొంతు నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. వంటింట్లోంచి విన్నాను, పెరట్లోంచి విన్నాను. ఏది నిజం కోపమో, ఏది ఆకలో, గొంతుని బట్టే చెప్పగలను. ఆయన్ని కూడా వినమన్నాను. బాగానే ఉందన్నారు. ఆయన్ని ఎప్పుడూ తిట్టలేదు కదా, ఆయనకేం తెలుస్తుంది.

జూలై 12, ఉదయం 7

గంజి ఆపేశాను. రేపు ఆదివారం, ఎల్లుండి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. బాగుపడతన్న మనిషి కడుపు మాడుస్తావా అని ఆయన అరిచారు.

రాత్రి 9

ఆయన కబురు పెట్టారు, చిన్నమ్మి వచ్చింది. గిన్నె నిండా సేమియా పాయసం కాచి తనే పట్టింది. వద్దన్నాను, కారణం చెప్పాను. మా అమ్మకి కూడెట్టడం బరువైతే సెప్పీ వదినా, నాను తీసుకెల్లిపోతాను అంది. అచ్చియ్యమ్మ గుమ్మంలోనే ఉంది. సాయంత్రానికి వీధంతా నేను అత్తకి తిండి పెట్టని కోడలిని.

అత్త ఒక్క దగ్గు లేకుండా అంతా తాగేసింది. చిన్నమ్మి నా వైపు చూసింది, చూశావా అన్నట్టు. తర్వాత అత్త కూతురితో మాట్లాడింది. ఆ గొంతు నీళ్ళ లోంచి వచ్చినట్టే ఉంది. టేపు నొక్కాను. గిన్నె లాక్కోవలసింది. లాక్కోలేదు. నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను.

జూలై 14

జ్వరం. నూట మూడు.

జూలై 15

విశాఖలో అడ్మిట్ చేశారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద తెల్లగా ఉంది. న్యుమోనియా.

డాక్టరమ్మ టేపు వింది. జూన్ ముప్ఫైది, తర్వాత పాయసం రోజుది. ఇదిగో ఇక్కడ అంది. ఏదీ అన్నారాయన. మళ్ళీ వేసింది. చెవి రికార్డరుకి ఆనించి విన్నారు. నాకేటీ తేడా తెలట్లేదండీ అన్నారు. ఈసారి ఆయన గొంతు మాత్రం చిన్నగా ఉంది.

ముక్కులోంచి ట్యూబు వేశారు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు.

జూలై 19

వరండాలో చిన్నమ్మి నా పక్కన కూర్చుంది. నా సేత్తోనే పోసేను కదా వదినా అంది. నాను రోజూ తలుసుకున్నాను, అమ్మకి సెప్పు అంది. నా కోపం పోలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

ఆగస్టు 3

ఇంటికి వచ్చి వారం. ట్యూబులో పాలు, జావ పోస్తున్నాను. ట్యూబు ఉన్నా మాట్లాడవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అత్త మాట్లాడదు. నోరు నేనే కట్టేశానని కోపం.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం కోరుకున్నాను. దొరికింది. భరించలేకపోతున్నాను. అలసిపోయాను, కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 10

పాలు. జావ. పాలు.

ఆగస్టు 21

బేరియం మందు మింగించి ఎక్స్‌రే తీశారు. మింగడం కొంచెం మెరుగట. రేపటి నుంచి రోజుకి మూడు చెంచాలు, చిక్కటి జావ, గడ్డం కిందికి వంచి. గొంతు మళ్ళీ తడిగా వినిపిస్తే ఇంక నోటితో తిండి లేదు, పొట్టకి ట్యూబు వేయాల్సిందే అంది డాక్టరమ్మ. అత్తకి అంతా అర్థమైంది. బస్సులో నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఆగస్టు 22, ఉదయం 8

చెంచా ఆయన తీసుకున్నారు. అత్త నోరు తెరవలేదు. నీకినపడదురా సత్యారావూ, దానికియ్యి అంది.

పోశాను. మింగింది. మాట్లాడమన్నాను. నా మొహంలోకి చూసి, నిన్నేటని తిట్టాలో తోసట్లేదే అంది.

గొంతులో తడి లేదు.